కీసరమ్మ అసలు పేరు

(మహాలయ పక్షం సందర్భంగా కౌకూరు ఆలయ మండపంలో చేసిన ప్రసంగానికి లిఖిత రూపం)



పితృఋణం గురించి నాలుగు మాటలు చెప్పవలసిందని ధర్మకర్తలు నన్ను ఆదేశించారు. నేను పండితుణ్ణి కాను. బడిలో పిల్లలకు లెక్కలు చెప్పి పదవీ విరమణ చేసినవాణ్ణి. శాస్త్రం చెప్పగల పెద్దలు ఈ సభలోనే ఉన్నారు. అందుచేత ఋణం అనే మాటను నాకు తెలిసిన లెక్కల దారిలోనే చెప్పుకొంటాను. అది మా ఇంటి లెక్క. అందులో నేను చేసిన పొరపాటు కూడా ఉన్నది.

మన తెలంగాణ పల్లెలలో పెత్రమాస నాడు పెద్దలకు బియ్యం ఇచ్చే ఆచారం మీకందరికీ తెలిసినదే. భాద్రపద బహుళ అమావాస్య నాడు ఉదయమే స్నానం చేసి, బియ్యం, పప్పు, కూరగాయలు, దక్షిణ విస్తరిలో పెట్టి, పోయినవారి పేర్లు చెప్పి అయ్యగారికి సమర్పిస్తాము. అదే సాయంకాలం ఆడపిల్లలు ఎంగిలిపూల బతుకమ్మ ఎత్తుకొంటారు. పొద్దున పోయినవారికి, సాయంత్రం పూలకు. ఒకే రోజున ఈ రెండింటినీ పెట్టిన పూర్వులు ఏమనుకొన్నారో గాని, నాకు మాత్రం ఆ రోజు ఎప్పుడూ సగం దిగులుగా, సగం పండుగగా ఉంటుంది.

మా నాన్నగారు గతించిన తరువాత ఆ బియ్యం ఇచ్చే బాధ్యత నాది అయింది. ఏటేటా నాన్నగారి పేరు, తాతగారి పేరు, ముత్తాత పేరు తడుముకోకుండా చెప్పేవాణ్ణి. తరువాత అమ్మ పేరు. ఆ తరువాత నాయనమ్మ పేరు, "కీసరమ్మ". కొన్నేళ్ళు అలాగే సాగింది. ఒక సంవత్సరం కొత్తగా వచ్చిన పురోహితులు, వయసులో నాకన్న చాలా చిన్నవారు, చేతిలో నీళ్ళు పట్టుకొని ఆగిపోయారు. "అయ్యా, కీసర ఊరి పేరు కదా. అమ్మగారి పేరేమిటి?" అని అడిగారు.

నా దగ్గర సమాధానం లేదు.

ఆమె చేతి ముద్ద తిని పెరిగినవాణ్ణి. ఆమె పోయేనాటికి నాకు ఉద్యోగం కూడా వచ్చింది. ఒక్కసారైనా "నాయనమ్మా, నీ పేరేమిటి?" అని అడగలేదు. అడగాలని తోచలేదు. ఆమె కీసరలో పుట్టి కౌకూరుకు కోడలుగా వచ్చింది కాబట్టి అత్తవారింట "కీసర పిల్ల" అయింది. నడివయసులో "కీసరామె" అయింది. ముసలితనంలో "కీసరమ్మ" అయింది. ఓటర్ల జాబితాలో కూడా అదే పేరు ఎక్కింది. ఇంక అదే ఆమె పేరని మేమంతా నమ్మాము.

ఇది ఒక్క మా ఇంటి కథే అనుకోకండి. దేశంలో 1951-52 లో తొలి సార్వత్రిక ఎన్నికలు జరిగినప్పుడు, మొదటి ప్రధాన ఎన్నికల కమిషనర్ సుకుమార్ సేన్ గారికి ఒక విచిత్రమైన చిక్కు ఎదురయింది. పేరు అడిగితే "ఫలానా వాని తల్లిని", "ఫలానా వాని భార్యను" అని మాత్రమే చెప్పి, తమ పేరు బయటపెట్టని స్త్రీలు లక్షలలో తేలారు. సుమారు 8 కోట్ల స్త్రీ ఓటర్లలో 28 లక్షల మంది పేర్లను జాబితాల నుంచి తీసివేయవలసి వచ్చింది. వారిలో ఎక్కువమంది ఉత్తరాది రాష్ట్రాలవారు. మన వైపు ఆ బెడద అంతగా లేదని సంతోషించవచ్చు గాని, మా నాయనమ్మ వంటివారు ఊరి పేరుతో ఓటు వేసి వచ్చారు. ఆ లెక్క ఎవరు తీశారు?

శాస్త్రం వైపు ఒకసారి చూద్దాము. పితృదేవతలు అనగానే మన మనసులో మెదిలేది మీసాల తాతలే. తర్పణ విధిలో అలా లేదు. తండ్రి, తాత, ముత్తాతలకు ఎలా ఉన్నదో, తల్లికి, పితామహికి, ప్రపితామహికి అలాగే వేరుగా స్థానం ఉన్నది. తల్లి పుట్టినింటి వైపు మాతామహి, ఆమె అత్తగారు, ఆ పై అత్తగారు కూడా ఉన్నారు. మొత్తం ఆరుగురు స్త్రీలు. సూత్రాలను బట్టి క్రమంలో తేడాలు ఉండవచ్చు గాని, పేరు పేరునా పిలవాలన్న నియమం ఉన్నది. పెళ్ళికి, ఒడుగుకు ముందు చేసే నాందీశ్రాద్ధంలో మాతృవర్గానికే ముందు పూజ. బృహదారణ్యకోపనిషత్తు చివర గురుపరంపర చెప్పే చోట పౌతిమాషీపుత్రుడు మొదలుకొని వరుసగా ఋషులను తల్లుల పేర్లతోనే చెప్పారు. ఆసనం వేసి ఉంచారు. కూర్చోబెట్టవలసిన పేరును మనమే మరచిపోయాము.

ఇప్పుడు మిమ్మల్ని కొంత దూరం తీసుకొని వెళతాను, ఓపిక పట్టండి. నాసిక్ దగ్గర కొండలో తొలిచిన గుహలు ఉన్నాయి. అక్కడి వారు పాండవలేణి అంటారు. మూడవ గుహలో బ్రాహ్మీలిపిలో, ప్రాకృత భాషలో ఒక పెద్ద శాసనం ఉన్నది. దానిని వ్రాయించినది గౌతమీ బాలశ్రీ. శాతవాహన చక్రవర్తి గౌతమీపుత్ర శాతకర్ణికి తల్లి. మన కోటిలింగాల, ధూళికట్ట త్రవ్వకాలలో నాణేలు బయటపడిన ఆ శాతవాహనులే. ఆ శాసనం నాటికి కుమారుడు గతించాడు. మనుమడు వాసిష్ఠీపుత్ర పులుమావి రాజ్యానికి వచ్చి పందొమ్మిదవ ఏడు నడుస్తున్నది. అంటే ఒక ముసలి తల్లి, పోయిన కొడుకు చరిత్రను మనుమడి కాలంలో రాతి మీద చెక్కించింది. క్రీస్తు శకం రెండవ శతాబ్దపు మాట ఇది.

గౌతమీపుత్రుని గురించి మన పాఠ్యపుస్తకాలలో చదువుకొన్నదానిలో చాలా భాగం ఆ తల్లి చెప్పినదే. శకులను, యవనులను, పహ్లవులను అణచాడని, అతని వాహనాలు మూడు సముద్రాల నీరు త్రాగాయని, అతడు ఏలిన దేశాలు ఇవీ అని చెప్పింది. ఆ దేశాల పట్టికలో "కుకుర" అనే పేరు ఒకటి ఉన్నది. కౌకూరు మిత్రులు తొందరపడి సంబరపడవద్దు. అది పశ్చిమ భారతంలోని ప్రాంతం, మన ఊరు కాదు! ఇన్ని యుద్ధాల నడుమ, అతడు తల్లికి ఎడతెగక సేవ చేసినవాడని కూడా ఆమె చెక్కించింది. చరిత్రకారులకు ఆ మాటతో పెద్ద పని లేకపోవచ్చు. తల్లికి ఉన్నది.

నన్ను ఆపివేసిన మాట వేరొకటి. ఆ గుహను భిక్షుసంఘానికి దానం చేస్తూ ఆమె తనను తాను మహారాజుకు మాత అని, మహారాజుకు పితామహి అని చెప్పుకొన్నది. భర్త పేరు ఆ శాసనంలో లేదు. కొడుకు పేరు ఉన్నది, మనుమడి పేరు ఉన్నది, తన పేరు ఉన్నది. పితామహి అన్న ఆ మాటనే మనం తర్పణంలో పలుకుతాము. సుమారు పద్దెనిమిది వందల ఏళ్ళ క్రితపు నాయనమ్మ పేరు నేను తడుముకోకుండా చెప్పగలను. నన్ను ఎత్తుకొని పెంచిన నాయనమ్మ పేరు చెప్పలేకపోయాను.

మరొక్క మాట చెప్పి ఇంటికి వస్తాను. కాకతి రుద్రమదేవి ఏ సంవత్సరంలో శివసాయుజ్యం పొందినదో మనకు తెలియజేసినది రాజులు వ్రాయించిన ప్రశస్తి కాదు. నకిరేకల్లు దగ్గర చందుపట్లలో ఒక చిన్న దానశాసనం. పువ్వుల ముమ్మడి అనే సేవకుడు రుద్రమదేవికి, ఆమె సేనాని మల్లికార్జున నాయకునికి పుణ్యంగా భూమిని దానం చేసి, 1289 నవంబరు 27 తేదీకి సరిపోయే తిథితో రాయి వేయించాడు. ఆమె తరువాత సింహాసనం ఎక్కిన ప్రతాపరుద్రుడు ఆమె కుమార్తె ముమ్మడమ్మ కొడుకు. అంత పెద్ద అమ్మమ్మ మరణం కూడా ఒక దాత పేరు చెప్పి దానం చేసినందువల్లనే మనకు మిగిలింది. ఈ సభలో దాతలు చాలామంది ఉన్నారు కనుక ఈ విషయం చెప్పాను.

ఇక మా ఇంటికి వద్దాము.

ఆ పెత్రమాస నాడు పురోహితులకు జవాబు చెప్పలేక, తరువాతి ఆదివారం మా మేనత్త దగ్గరికి వెళ్ళాను. నాయనమ్మ సంతానంలో అప్పటికి మిగిలింది ఆమె ఒక్కతే. మంచం మీదనే ఉండేది గాని జ్ఞాపకం చెక్కుచెదరలేదు. "అత్తా, నాయనమ్మ అసలు పేరేమిటి?" అని అడిగాను. ఆమె నవ్వింది. "అమ్మను పేరు పెట్టి పిలిచేటోళ్ళు ఎవరున్నరు బిడ్డా? నాకు అమ్మనే. బిందె మీద ఉంటది చూడు" అన్నది.

ఆ మాటకు అర్థం తరువాత చెబుతాను. ఆ రోజు అత్త పేరు చెప్పలేదు గాని, పేరు కన్న పెద్ద సంగతి చెప్పింది.

మా నాయనమ్మ మూసీ వరద నాటికి చంకలో పిల్ల అట. ఆ వరద 1908 సెప్టెంబరులో వచ్చింది గనుక వయసు లెక్క కట్టుకోవచ్చు. పన్నెండేళ్ళకు పెళ్ళి. ఆరుగురిని కన్నది, ముగ్గురు దక్కారు. పోయిన ముగ్గురిలో ఇద్దరికి పేర్లు పెట్టారట, ఒకరికి పెట్టకముందే పోయింది. ఈ సంగతి మా నాన్నగారు ఎన్నడూ చెప్పలేదు. మీ ఇళ్ళలో పెద్దలను అడిగేటప్పుడు ఎందరు పిల్లలు అని అడగకండి, ఎందరిని కన్నారు అని అడగండి. రెండింటికీ జవాబు ఒకటి కాదు.

మా తాత గత్తర సోకి పోయాడు. అప్పటికి ఆమెకు ముప్పై ఏళ్ళు. చంకలో మా అత్త, చేతి కింద ఇద్దరు కొడుకులు. ఉన్న మూడున్నర ఎకరాలు తాత బ్రతికి ఉండగానే నూట నలభై హాలీ రూపాయలకు సాహుకారు దగ్గర తాకట్టులో ఉన్నాయి. వడ్డీ కింద ఏటా వడ్లు కొలవాలి. పుట్టినింటివారు కీసరకు వచ్చేయమన్నారు. ఆమె వెళ్ళలేదు. రెండు బర్రెలు పెట్టుకొన్నది.

కౌకూరుకు ఆనుకొని బొల్లారం. అది దండు ఉన్న చోటు. దొరల బంగళాలు, 1860 లో కట్టిన రెసిడెన్సీ భవనం (నేడు అదే రాష్ట్రపతి నిలయం), 1847 నాటి చర్చి, బారకాసులు, బజారు అక్కడ ఉండేవి. ఆమె తెల్లవారుజామున పాల కడవ ఎత్తుకొని బొల్లారం నడిచి వెళ్ళి, ఎండ ఎక్కకముందు తిరిగి వచ్చి, మళ్ళీ సాయంత్రం పెరుగుతో వెళ్ళేది. లెక్క గోడ మీద బొగ్గు గీతలు. ఇంటికొక వరుస, శేరుకొక గీత. దసరాకు సున్నం వేసేలోపల అన్ని ఇళ్ళ బాకీలు వసూలు కావాలని ఆమె నియమం.

ఇక్కడ లెక్కల మాస్టారుగా నాకు ఎంతో ఇష్టమైన ఘట్టం ఉన్నది. నిజాం రాజ్యంలో నడిచే నాణెం హాలీ సిక్కా. దండులో నడిచేది ఇంగ్లీషు రూపాయి, దానిని మనవారు కల్దార్ అనేవారు. రెండూ రూపాయలే, విలువ మాత్రం ఒకటి కాదు. ఆరు కల్దార్లు ఏడు హాలీలకు సమానం. ఊరిలో కాయకష్టం చేసేవారికి హాలీ చేతికి వస్తుంది. నాయనమ్మ పాలు దండుకు పోయేవి గనుక ఆమెకు కల్దార్లు వచ్చేవి. ఆమె వాటిని మార్చలేదు. తొమ్మిదేళ్ళు కుండలో దాచింది.

నూట ఇరవై కాగానే పెద్ద కొడుకును, అంటే మా నాన్నగారిని, వెంటబెట్టుకొని సాహుకారు అరుగు మీదికి వెళ్ళింది. ఆయన లెక్కపెట్టి, ఇంకా ఇరవై తక్కువ అన్నాడు. నాయనమ్మ తన డబ్బులోంచి ఆరు నాణేలు అరుగు మీద ఒక వైపు పెట్టింది. ఆయన పెట్టెలోంచి ఏడు హాలీలు తీసి రెండో వైపు పెట్టమన్నది. "దొరా, ఇవి గివి ఒక్కటేనా కాదా, నువ్వే చెప్పు" అన్నదట. అరుగు కింద నలుగురు నిలబడి చూస్తున్నారు. ఆయన మంచివాడో, నలుగురికి జంకినాడో, తాకట్టు కాగితం తెప్పించి ఇచ్చివేశాడు. ఆమె వేలిముద్ర కూడా సరిగా వేయడం రాని మనిషి. ఆ నూట ఇరవైని నూట నలభై చేసే నిష్పత్తిని నేను ముప్పై ఏళ్ళు నల్లబల్ల మీద చెప్పాను. ఈ కథ అప్పుడు తెలిసి ఉంటే అదే ఉదాహరణగా చెప్పేవాణ్ణి.

తరువాత పోలీసు చర్య వచ్చింది, నిజాం పాలన పోయింది, 1954-55 లో ఖాస్రా పహాణీ వ్రాశారు. మూడున్నర ఎకరాల పట్టాదారు గడిలో మా నాన్నగారి పేరు, తండ్రి పేరు దగ్గర తాతగారి పేరు ఉన్నాయి. చట్టం ప్రకారం తప్పేమీ లేదు. కాని ఆ కాగితం చూసి పెరిగిన మేమందరం, తాత సంపాదించి ఇచ్చిన భూమి అని చెప్పుకొన్నాము. పెళ్ళి సంబంధాల దగ్గర నేనే చాలాసార్లు చెప్పాను. తాతగారు తాకట్టు పెట్టిన భూమి అని చెప్పడం నాకు ఈనాటికీ కొంచెం కష్టంగానే ఉన్నది. ఆయన మీద నాకు నిష్ఠూరం లేదు. కఱవు ఏట విత్తనాలకు పెట్టి ఉంటాడు, లేక చెల్లెలి పెళ్ళికి పెట్టి ఉంటాడు. అడగడానికి ఇప్పుడు ఎవరూ లేరు.

నా పొరపాటు ఇక్కడ ఉన్నది. నగరం పెరిగి మా భూమి ప్లాట్లు అయినప్పుడు, వచ్చిన డబ్బులో కొంత ఈ ఆలయంలో నిత్యాన్నదానానికి సమర్పించాము. దాతల శిలాఫలకం మీద ఏమి చెక్కాలి అని అడిగితే, ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా తాతగారి పేరు వ్రాసి ఇచ్చాను. "వారి జ్ఞాపకార్థం, కుమారులు, మనుమలు" అని. పాల కడవ మోసిన మనిషి పేరు అందులో లేదు. నాకు తెలియదు గనుక వ్రాయలేదని అనలేను. వ్రాయాలని తోచి ఉంటే తెలుసుకొనేవాణ్ణి.

అత్త చెప్పిన బిందె సంగతికి వస్తాను. ఆడపిల్లకు పుట్టినింటివారు పెట్టే ఇత్తడి సామాను మీద పేరు కొట్టించడం పాత అలవాటు. ఉమ్మడి కుటుంబంలో తగవులు రాకుండా, పందిట్లో ఎరువు ఇచ్చినప్పుడు మారిపోకుండా ఉంటాయని. మా ఇంట్లోని ఇత్తడి సామాను చాలామటుకు వీధిలో స్టీలు సామాన్లవాడికి వేసి గిన్నెలు కొన్నాము. ఆ బేరాలు మా ఆవిడ చేసిందని అనబోయాను గాని, ప్రక్కన నిలబడి తూకం చూసినవాణ్ణి నేనే. ఒక బిందె మాత్రం అడుగు చిల్లిపడి, కొనేవాడు తక్కువ ధర చెప్పినందువల్ల అటక మీద మిగిలింది. దించి చింతపండుతో తోమించాను. మెడ కింద చుక్కలు చుక్కలుగా కొట్టిన అక్షరాలు కనిపించాయి. ముందు "కీసర" అని ఉన్నది. తరువాత ఆమె మేనమామ పేరు, ఆయన పెట్టిన బిందె అన్నమాట. దాని వెనుక ఆమె పేరు.

మా అత్తకు ఆ పేరు చదివి వినిపించాను. చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, మా నాయనమ్మ తమ్ముడు ఎన్నడో ఒకసారి శివరాత్రికి కీసరగుట్ట జాతరలో అక్కను ఆ పేరుతో కేకవేసి పిలవగా విన్నట్టు గుర్తుకు వచ్చిందని చెప్పింది. ఆ జనంలో ఆమె వెనుదిరిగి చూసిందట. అత్త ఆ శీతకాలంలోనే పోయింది. అడగడం ఇంకొక్క ఏడాది ఆలస్యమయి ఉంటే హాలీ, కల్దార్ల కథ కూడా ఆమెతో పాటే పోయేది.

ఆమె చెప్పినదంతా ఒక నోటుపుస్తకంలో వ్రాసి, మా మనుమరాలి చేత శుద్ధప్రతి తీయించాను. నలభై పుటలయింది. మా వంశవృక్షంలో ఇంతకాలం కొమ్మలన్నీ మగవారివే. ఇప్పుడు ప్రతి కొమ్మ దగ్గర కోడలి పేరు, పుట్టిన ఊరు వ్రాస్తున్నాము. నాలుగు చోట్ల ఖాళీలున్నాయి. ముత్తవ్వ పేరు ఇంకా దొరకలేదు. ఆమె శామీర్‌పేట వైపు ఆమె అని మాత్రం తెలిసింది. ఈ సభలో ఆ వైపు పెద్దలెవరైనా ఉంటే ప్రసంగం తరువాత ఒక్క నిమిషం ఆగండి, నేను కొన్ని ఇంటిపేర్లు అడగాలి.

శిలాఫలకం సంగతి ధర్మకర్తలకు విన్నవించుకొన్నాను. వారు అభ్యంతరం చెప్పలేదు. పాత రాయి మార్చవలసిన పని లేదని, తాతగారి పేరుకు పైన ఖాళీ ఉన్నదని శిల్పి అన్నాడు. పైన చెక్కితే వరుస తప్పుతుందేమోనని మా తమ్ముడు సందేహించాడు. నాందిలో మాతృవర్గానిదే ముందు వరుస అని మన పురోహితులు సర్దిచెప్పారు. శిల్పి అక్షరానికి ఇంత అని తీసుకొన్నాడు. పేరు నాలుగు అక్షరాలే.

ఆ పేరు ఇక్కడ చెప్పను. ఈ మండపంలో కుడివైపు మూడవ స్తంభం ప్రక్కన ఉన్నది. ప్రసాదం తీసుకొని వెళ్ళేటప్పుడు చదవండి.